ఉచిత ఆన్‌లైన్ కోర్సును ఎంచుకోవడం, చివరిదాకా చదవడం

నేను ఒక ఇంజనీరింగ్ కళాశాలలో పాఠాలు చెబుతూ, ఎనిమిదేళ్ళుగా ఎన్‌పీటెల్ అనే, ఐఐటీల ఉచిత ఆన్‌లైన్ కోర్సులు చదివే విద్యార్థులకు మెంటర్‌గా కూడా ఉంటున్నాను. జనవరిలోను, జూలైలోను కొత్త విడత మొదలైనప్పుడల్లా పిల్లలు వచ్చి, తాము మూడో నాలుగో కోర్సులకు పేరు నమోదు చేసుకున్నామని ఉత్సాహంగా చెబుతారు. ఆరో వారం వచ్చేసరికి, వాటిలో ఒక్కదానికైనా క్రమం తప్పకుండా అసైన్‌మెంట్లు పెడుతున్నవారు సగం మంది కూడా మిగలరు. ఇది సోమరితనమని నేను ఏనాడూ అనుకోలేదు. డబ్బు కట్టి చేరే కోర్సయితే ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడతాం, సిలబస్ చూస్తాం, సమయం కుదురుతుందో లేదో లెక్క వేసుకుంటాం. ఉచితమనేసరికి ఆ ఆలోచన అంతా వాయిదా వేసి ముందు పేరు ఇచ్చేస్తాం. ఫీజు అడగకపోయినా, పన్నెండు వారాల కోర్సు మన దగ్గర అరవై నుంచి వంద గంటలు అడుగుతుంది. ఆ గంటలు ఎక్కడి నుంచి తేవాలో చేరేముందే ఎలా తేల్చుకోవాలో, చేరాక వాటిని ఎలా కాపాడుకోవాలో నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

మీ ఎదుట ఉన్నది ఏ రకం కోర్సు?

ఉచిత కోర్సు అన్న ఒకే పేరు మీద మూడు వేర్వేరు రకాలు చలామణిలో ఉన్నాయి. వాటి పుట్టుక తెలిస్తే, ఏది మన నుంచి ఏమి ఆశిస్తుందో ముందే అర్థమవుతుంది.

మొదటిది పాఠ్యసామగ్రిని మాత్రమే ఇచ్చే రకం. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తన పాఠాలన్నింటినీ ఎవరైనా చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెడతానని 2001 ఏప్రిల్‌లో ప్రకటించింది. మరుసటి ఏడాది 50 కోర్సులతో మొదలైన ఆ ఓపెన్‌కోర్స్‌వేర్, 2007 నాటికి 1,800 కోర్సులకు చేరింది. అందులో పేరు నమోదు లేదు, గడువు లేదు, దిద్దేవారు లేరు, సర్టిఫికెట్ లేదు. లెక్చర్ నోట్సు, లెక్కలు, పాత ప్రశ్నపత్రాలు, కొన్ని కోర్సులకు వీడియోలు ఉంటాయి. సెమిస్టర్ పాఠంలో ఒక అధ్యాయం అర్థంకానివారికి, ఉద్యోగంలో ఏదో ఒక్క విషయం అవసరమైనవారికి ఇంతకంటే మంచి చోటు లేదు. అయితే, ఎవరో ఒకరు వెంటబడితేగాని చదవలేని స్వభావం ఉన్నవారు దీనితో మొదలుపెట్టకూడదు.

రెండోది లోకమంతా మూక్ అని పిలిచే రకం, అంటే ఒకేసారి వేలమంది చేరగలిగే, అందరికీ తెరిచిన ఆన్‌లైన్ కోర్సు. 2008లో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ కలిసి నడిపిన ఒక కోర్సుకు ఫీజు కట్టినవారు 25 మంది కాగా, ఉచితంగా బయటి నుంచి చేరినవారు 2,200 మందికి పైగా ఉన్నారు. మూక్ అన్న మాట పుట్టింది ఆ కోర్సు గురించే. 2011లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యులు సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్‌తో కలిసి కృత్రిమ మేధ పాఠాలను ఉచితంగా తెరిచినప్పుడు దాదాపు 1,60,000 మంది పేర్లు ఇచ్చారు. ఆ ఊపుతోనే 2012లో మూడు కోర్సు వేదికలు వరుసగా వచ్చాయి: యుడాసిటీ; ఆండ్రూ ఎన్‌జీ, డాఫ్నీ కొల్లర్ స్థాపించిన కోర్సెరా; హార్వర్డ్, ఎంఐటీలు కలిసి పెట్టిన ఎడెక్స్. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ ఫ్యూచర్‌లెర్న్‌ను, చైనాలో సింఘువా విశ్వవిద్యాలయం షూటాంగ్‌ఎక్స్‌ను మరుసటి ఏడాదికల్లా మొదలుపెట్టాయి. కోర్సుల లెక్కలు సేకరించే క్లాస్ సెంట్రల్ ప్రకారం, చైనాను మినహాయిస్తే 2021 చివరికి 950 విశ్వవిద్యాలయాల కోర్సులు 19,400కు, వాటిలో చేరినవారు 22 కోట్లకు చేరారు. 2020లో కరోనా వల్ల ఇళ్ళలో కూర్చున్నవారు ఈ సంఖ్యను ఒక్కసారిగా పెంచారు.

ఈ రెండో రకంలో ఉచితం అన్న మాటకు అర్థం ఏళ్ళు గడిచేకొద్దీ మారుతూ వచ్చింది. మొదట్లో పాఠం, పరీక్ష, సర్టిఫికెట్ మూడూ ఉచితమే. తర్వాత సర్టిఫికెట్‌కు డబ్బు పెట్టారు. ఆ తర్వాత చాలా కోర్సుల్లో మార్కులు వేసే అసైన్‌మెంట్లు కూడా డబ్బు కట్టినవారికే పరిమితమయ్యాయి, ఉచితంగా చూడనిచ్చే రోజులకు గడువు వచ్చింది. దీని వెనక కష్టం కూడా మనం గుర్తించాలి: ఒక్కో కోర్సు తయారీకి పెద్ద ఖర్చు అవుతుంది, ఆ ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నకు ఇన్నేళ్ళలో ఎవరికీ నిలకడైన జవాబు దొరకలేదు. లాభాపేక్ష లేకుండా పుట్టిన ఎడెక్స్‌ను 2021లో టూయూ అనే కంపెనీ 80 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ కంపెనీయే 2024లో దివాలా రక్షణ కోరింది. కాబట్టి చేరే పేజీలో ఉన్న ఉచితం అన్న మాట చూసి ఆగిపోకండి. వీడియోలు ఎన్ని రోజులు కనిపిస్తాయి, అసైన్‌మెంట్లు దిద్దుతారా, సర్టిఫికెట్‌కు ఎంత అని మూడు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాసుకున్నాకే ముందుకు వెళ్ళండి. డబ్బు కట్టే స్తోమత లేనివారికి కోర్సెరాలో ఫైనాన్షియల్ ఎయిడ్ అన్న దరఖాస్తు ఉంది. కోర్సు ఎందుకు కావాలో, ఎందుకు కట్టలేరో నిజాయితీగా వివరంగా రాస్తే, సుమారు పదిహేను రోజుల్లో నిర్ణయం చెబుతారు. అడగడానికి మొహమాటపడి ఊరుకున్నవారిని చాలామందిని చూశాను. ఆ ఏర్పాటు పెట్టిందే మనలాంటివారి కోసం.

మూడోది మన దేశపు రకం. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్, మొదట వీడియో పాఠాల సంగ్రహంగా ఉండి, 2014 నుంచి సర్టిఫికెట్ కోర్సులు కూడా నడుపుతోంది. 2017 జూలై 9న అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించిన స్వయం అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక కిందే ఇప్పుడు ఈ కోర్సులు కూడా వస్తున్నాయి. పాఠాలు, అసైన్‌మెంట్లు, సందేహాలు అడిగే వేదిక అంతా ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం ఫీజు కట్టి, పరీక్షా కేంద్రానికి స్వయంగా వెళ్ళి, గుర్తింపు కార్డు చూపించి పరీక్ష రాయాలి. ఆ నిబంధన వల్లనే మన కళాశాలల్లో ఈ సర్టిఫికెట్‌కు విలువ నిలబడిందని నా నమ్మకం. తెలుగు రాష్ట్రాల్లో డిగ్రీ, బీటెక్ చదివేవారు మొదటిసారి ప్రయత్నించేటప్పుడు ఇక్కడే మొదలుపెట్టాలని నేను చెబుతాను.

మధ్యలో ఆగిపోయేవారి లెక్క

భయపెట్టడానికి కాదు, లెక్క తెలిస్తే జాగ్రత్త పడతారని ఈ అంకెలు ఇస్తున్నాను. హార్వర్డ్, ఎంఐటీలు తమ తొలి 17 ఆన్‌లైన్ కోర్సుల వివరాలను 2014 జనవరిలో బయటపెట్టాయి. మొత్తం నమోదులు 8,41,687. వాటిలో 2,92,852 మంది చేరిన తర్వాత పాఠం మొహమే చూడలేదు. 4,69,702 మంది సగంలోపే ఆగిపోయారు. సగం దాటి చదివినా సర్టిఫికెట్ దాకా రానివారు 35,937 మంది. సర్టిఫికెట్ తీసుకున్నవారు 43,196 మంది, అంటే నూటికి అయిదుగురు. ఆరేళ్ళ వివరాలు పరిశీలించి 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన కూడా, చేరినవారిలో సగం మందికి పైగా పాఠంలోకి అడుగే పెట్టడం లేదని, పూర్తిచేసేవారి శాతం ఏళ్ళు గడిచినా పెరగలేదని తేల్చింది.

ఆ పరిశోధనలోనే మనకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. సర్టిఫికెట్ కోసం ముందుగా డబ్బు కట్టినవారిలో 2017-18లో 46 శాతం కోర్సు పూర్తిచేశారు. డబ్బు కట్టగానే తెలివి పెరగదు కదా. గట్టిగా నిర్ణయించుకున్నవారే డబ్బు కట్టి ఉంటారు, కట్టాక దాన్ని వదులుకోవడానికి మనసొప్పదు. ఉచితంగా చదివేవారు ఆ నిర్ణయాన్ని డబ్బుతో కాకుండా మరో విధంగా చేసుకోవాలి. నా విద్యార్థులకు నేను చెప్పేది ఇది: చేరిన రోజే, ఈ కోర్సు ఎందుకో ఒక్క వాక్యంలో రాసి, ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి. గేట్ పరీక్షకు సిగ్నల్స్ సబ్జెక్టు కావాలి, బ్యాంకు ఉద్యోగంలో ఎక్సెల్ దాటి డేటా విశ్లేషణ రావాలి, పదో తరగతి పిల్లలకు చెప్పడానికి భౌతికశాస్త్రం మళ్ళీ చదవాలి, ఇలాంటి వాక్యం ఏదైనా సరే. ఏదో ఒకరోజు పనికొస్తుందని తప్ప వేరే వాక్యం రాకపోతే ఆ కోర్సులో చేరకండి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. మీ వాక్యంలో ఉన్న పని నాలుగో వారానికే తీరిపోతే, అక్కడితో ఆపడం వైఫల్యం కాదు. పైన చెప్పిన, సగంలోపే ఆగిపోయిన 4,69,702 మందిలో అలాంటివారు తప్పకుండా ఉండి ఉంటారు.

చేరేముందు ఒక సాయంత్రం

ఎన్‌పీటెల్ పాత విడతల పాఠాలు యూట్యూబ్‌లో ఎవరికైనా దొరుకుతాయి. చేరబోయే కోర్సు పాత విడతలో మొదటి వారం పాఠం ఒకటి, అయిదో వారం పాఠం ఒకటి తీసుకుని ఒకే సాయంత్రం చూడండి. మొదటిది అందరికీ అర్థమవుతుంది, దాన్ని చూసి మోసపోకూడదు. అయిదో వారంలో ఆచార్యులు బోర్డు మీద రాస్తున్న గుర్తుల్లో సగమైనా మీకు పరిచయంగా ఉంటే ఆ కోర్సు మీ స్థాయికి సరిపోతుంది. అన్నీ తెలిసినవే అయితే దానికి పైకోర్సు వెతకండి. ఏదీ తెలియకపోతే, ఆ కోర్సుకు ముందు చదవాల్సినది ఏమిటో కోర్సు పేజీలోనే రాసి ఉంటుంది కాబట్టి ముందు దానికి వెళ్ళండి. పునాది సంగతి చిన్నచూపు చూడకూడదని 2013లో కాలిఫోర్నియాలోని శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ అనుభవం చెబుతుంది. అక్కడ ప్రాథమిక గణితం, బీజగణితం, గణాంక శాస్త్రాలను యుడాసిటీతో కలిసి ఆన్‌లైన్‌లో బోధించినప్పుడు, తరగతి గదిలో కంటే ఉత్తీర్ణత బాగా తగ్గి, ఆ జూలైలో ప్రయోగాన్ని తాత్కాలికంగా నిలిపేయవలసి వచ్చింది. పునాది బలహీనంగా ఉన్న విద్యార్థికి పక్కన మనిషి ఎక్కువ అవసరం; వీడియో ఆ పని చేయలేదు.

గంటల లెక్క కూడా ఆ సాయంత్రమే వేయండి. ఎన్‌పీటెల్ పన్నెండు వారాల కోర్సులో సుమారు ముప్పై గంటల వీడియో ఉంటుంది, ఎనిమిది వారాలదానిలో ఇరవై, నాలుగు వారాలదానిలో పది. అంటే వారానికి రెండున్నర గంటల వీడియో. దాన్ని ఆపి, రాసుకుని, వెనక్కి తిప్పి చూడడానికి అంతకు రెట్టింపు పడుతుంది, అసైన్‌మెంట్‌కు ఇంకో గంటా రెండు గంటలు వేసుకోండి. వారానికి ఏడు గంటలన్నమాట. రోజుకో గంట అనుకుంటే తేలికగా కనిపిస్తుందిగాని, పెళ్ళిళ్ళు, మిడ్ పరీక్షలు, ప్రయాణాలు, జ్వరాలు కలిసిన వారంలో ఆ గంట దొరకదు. అందుకే వారానికి అయిదు రోజులకే గంటలు కేటాయించి, రెండు రోజులు ఖాళీగా వదలండి. మొదటిసారి చేసేవారు ఒక్క కోర్సే తీసుకోవాలి, అదీ నాలుగు లేదా ఎనిమిది వారాలదైతే మంచిది. ఈ ఒక్క మాట విన్నవారు నా దగ్గర దాదాపు అందరూ పూర్తిచేశారు.

ఒక నోట్‌బుక్ కథ

మూడేళ్ళ క్రితం, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్న అమ్మాయి ఒకరు గణాంక శాస్త్రం కోర్సు చేస్తూ నా సలహా కోసం వచ్చారు. చదివింది తెలుగు మీడియంలో. పాఠం చెప్పే ఆచార్యుల ఇంగ్లీషు మొదటి రెండు వారాలు అసలు అందలేదట. ఆమె చూపించిన లాంగ్ నోట్‌బుక్‌ను నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ప్రతి పేజీని నిలువుగా మధ్యకు మడిచి, ఎడమవైపు ఆచార్యులు వాడిన ఇంగ్లీషు పదాన్ని, కుడివైపు దాని అర్థాన్ని తన సొంత తెలుగులో రాసుకున్నారు. నిఘంటువులో దొరికే తెలుగు కాదు, తన వంటింటి తెలుగు. శాంపిల్ అన్న పదానికి ఎదురుగా, అన్నం ఉడికిందో లేదో చూడడానికి పట్టి చూసే మెతుకు అని రాశారు. దాని కిందనే బయాస్ అన్న పదానికి, ఎప్పుడూ గిన్నె పైనుంచే మెతుకు తీస్తే అడుగు సంగతి తెలియదు అని రాశారు. నేను పదేళ్ళుగా అదే పాఠాన్ని తరగతిలో చెబుతున్నాను, ఆ రెండు వాక్యాలంత స్పష్టంగా నేనెప్పుడూ చెప్పలేదు. ప్రతి పాఠం చివర, ఆచార్యులు చేసి చూపించిన లెక్క ఒకటి ఏమీ చూడకుండా మళ్ళీ చేసి, తప్పు వచ్చిన మెట్టు చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసుకున్నారు. ఉదయం అయిదున్నర నుంచి ఆరున్నర వరకు, డ్యూటీకి వెళ్ళేముందు, రోజూ అదే వేళ.

ఆ పద్ధతినే నేను అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను. వీడియోను సినిమా చూసినట్టు చూస్తే అంతా అర్థమైనట్టే ఉంటుంది, మరుసటి రోజు ఏదీ గుర్తుండదు. ఆచార్యులు ప్రశ్న వేయగానే వీడియో ఆపండి, మీ జవాబు రాయండి, అప్పుడు ముందుకు వెళ్ళండి. కింద అక్షరాలు వచ్చే ఏర్పాటును ఆన్ చేసుకోండి. వేగాన్ని తగ్గించి వినడానికి సిగ్గుపడనక్కరలేదు. ఎన్‌పీటెల్ తన కోర్సులు చాలావాటిని తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లోకి అనువదించింది కాబట్టి, చేరేముందు మీ కోర్సుకు తెలుగు పాఠం ఉందేమో ఒకసారి వెతకండి. ఉన్నా కూడా పారిభాషిక పదాలను ఇంగ్లీషులోనూ నేర్చుకోండి, ఎందుకంటే ప్రశ్నపత్రంలోను, ఉద్యోగంలోను అవే ఎదురవుతాయి.

భాష ఒక్కటే కాదు, ప్రపంచవ్యాప్తంగా ఈ కోర్సులు పేదవారి కంటే చదువుకున్నవారికి, సంపన్న దేశాలవారికి ఎక్కువగా చేరాయన్నది ఇన్నేళ్ళలో తేలిన చేదు నిజం. 2019 పరిశోధన కూడా ఎక్కువమంది అభివృద్ధి చెందిన దేశాలవారేనని చూపింది. 2014లో అమెరికా ఆంక్షల వల్ల ఇరాన్, సూడాన్, క్యూబాలలోని విద్యార్థులకు కోర్సెరా పాఠాలు ఆగిపోయాయి. చదువు మీద ఆశ పెట్టుకున్నవారికి అది ఎంత బాధ కలిగించి ఉంటుందో ఊహించవచ్చు. అయినా తలుపు మూసుకుపోలేదు. తర్వాత ఎడెక్స్‌గా మారిన వేదిక మీద, ఐఐటీ మద్రాసులో చదివిన అనంత్ అగర్వాల్ 2012లో ఎలక్ట్రానిక్ సర్క్యూట్ల పాఠం చెప్పినప్పుడు, 1,55,000 నమోదుల్లో 7,157 మందికి సర్టిఫికెట్లు వచ్చాయి. పూర్తి మార్కులు తెచ్చుకున్న కొద్దిమందిలో మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌కు చెందిన పదిహేనేళ్ళ కుర్రాడు ఒకడు. తర్వాత అతనికి ఎంఐటీలోనే సీటు వచ్చింది. అతనికి కూడా ఊళ్ళో పాఠశాల ప్రిన్సిపాల్ తోడ్పాటు ఉందన్నది చాలామంది చెప్పకుండా వదిలేసే సంగతి.

అందుకే తోడు వెతుక్కోండి. అదే కోర్సు చేస్తున్నవారు ఇద్దరు ముగ్గురు కలిసి వాట్సాప్ గ్రూప్ పెట్టుకుని, ఆదివారం సాయంత్రం ఒక గంట మాట్లాడుకుంటే చాలు. ఆ గంటలో ఒకరు ఒక పాఠాన్ని మిగతావారికి చెప్పాలన్న నియమం పెట్టుకోండి. కోర్సు వేదికలో సందేహం అడిగేటప్పుడు, అర్థం కాలేదు సార్ అని మాత్రమే రాయకుండా, ఎన్నో వారం, ఎన్నో పాఠం, ఎన్నో నిమిషం, మీరు ఎంతవరకు చేశారు, ఎక్కడ ఆగారు అన్నవి రాస్తే జవాబు త్వరగా, పనికొచ్చేలా వస్తుంది.

ఇంట్లో ఒకే ఫోను ఉండి, రోజుకు ఒకటిన్నర జీబీ డేటాతో నెట్టుకొచ్చేవారు వారం పాఠాలను కళాశాల వైఫై ఉన్నచోట ఒకేసారి దించుకుని, ఇంటి దగ్గర నెట్ లేకుండా చూడవచ్చు. అసలు ఇంటర్నెట్టే అందని ఇళ్ళకు కేంద్ర ప్రభుత్వ స్వయంప్రభ టీవీ ఛానళ్ళు డీటీహెచ్ ద్వారా పాఠాలు ప్రసారం చేస్తున్నాయి. ప్రోగ్రామింగ్ కోర్సులు మాత్రం ఫోనుతో అయ్యే పని కాదు. కంప్యూటర్ ల్యాబ్ దొరికే గంటలు చూసుకున్నాకే వాటిలో చేరండి.

బుధవారం రాత్రి

ఎన్‌పీటెల్ అసైన్‌మెంట్ల గడువు సాధారణంగా బుధవారం రాత్రి 11 గంటల 59 నిమిషాలకు ముగుస్తుంది. బుధవారం రాత్రి పది గంటలకు పాఠం తెరిచేవారి కష్టం నాకు ప్రతి విడతలోనూ ఫోన్ల రూపంలో తెలుస్తుంది. నెట్ ఆగిపోయిందని, సబ్మిట్ నొక్కినా పేజీ తిరుగుతూనే ఉందని, కరెంటు పోయిందని. మీ గడువు సోమవారం అనుకోండి. మంగళవారం సరిచూసుకోవడానికి ఉంటుంది.

మార్కుల లెక్క తెలిసినవారికి కంగారు సగం తగ్గుతుంది. పన్నెండు వారాల కోర్సులో అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన ఎనిమిదింటి సగటునే తీసుకుంటారు, ఎనిమిది వారాలదానిలో ఆరింటిది, నాలుగు వారాలదానిలో మూడింటిది. ఆ సగటుకు 25 మార్కులు, కేంద్రంలో రాసే పరీక్షకు 75 మార్కులు. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 25కు 10, పరీక్షలో 75కు 30 రావాలి. రెండూ విడివిడిగా రావాలి. మొత్తం 60 వస్తే సర్టిఫికెట్ మీద ఎలైట్ శ్రేణి, 75 వస్తే సిల్వర్, 90 వస్తే గోల్డ్. అంటే పన్నెండింటిలో నాలుగు వారాలు పోయినా నష్టం లేదు. కాని ఆ వెసులుబాటును మొదటి నెలలోనే ఖర్చు పెట్టుకుంటే, పదో వారంలో నిజంగా అవసరం వచ్చినప్పుడు ఏమీ మిగలదు.

వెనకబడినవారు సాధారణంగా చేసే పొరపాటు, వదిలేసిన మూడో వారం నుంచి మళ్ళీ మొదలుపెట్టడం. ఆ మూడోది పూర్తయ్యేసరికి ఏడో వారం వచ్చి కూర్చుంటుంది, దూరం తగ్గదు, మనసు విరిగిపోతుంది. ముందు ఈ వారం పాఠం చదివి ఈ వారం అసైన్‌మెంట్ పెట్టండి. దానికి అవసరమైనంతవరకు మాత్రమే వెనక్కి వెళ్ళండి. మిగిలిన పాత పాఠాలు సెలవు రోజున చూడవచ్చు. కోర్సెరా, ఎడెక్స్‌లలో మీ వేగంతో సాగే కోర్సులయితే గడువులను మళ్ళీ ముందుకు జరుపుకునే వీలుంది. దాన్ని ఒక్కసారి వాడుకోండి, రెండోసారి అవసరమైతే కోర్సు ఎంపికే సరికాలేదేమో ఆలోచించండి.

అసైన్‌మెంట్ల జవాబులు యూట్యూబ్‌లోను, టెలిగ్రామ్ గ్రూపుల్లోను గడువుకు ముందే దొరుకుతున్నాయి. కృత్రిమ మేధ సాధనాలు వచ్చాక ఆ వెతుకులాట కూడా అక్కరలేకుండా పోయింది. ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. ఒక ఖాతాతో జవాబులు బయటికి రాబట్టి, ఇంకో ఖాతాతో సర్టిఫికెట్ తీసుకునేవారిని హార్వర్డ్, ఎంఐటీ పరిశోధకులు 2015లోనే గుర్తించారు. జవాబులు చూసి పెట్టినవారికి 25కు 24 వస్తాయి, పరీక్ష హాల్లో 75కు 20 వస్తాయి. ప్రతి విడతలో ఇలాంటి మార్కుల జాబితా నా చేతికి వస్తుంది, ఒక్కోసారి ఆ పిల్లల ఇళ్ళకు ఫోన్ చేయలేక ఊరుకుంటాను. సాధనాన్ని వాడదలిస్తే, మీ జవాబు రాసి పెట్టిన తర్వాత, అది ఎందుకు తప్పో అడగడానికి వాడండి.

పరీక్ష, ఆ తర్వాత

కోర్సుకు పేరు ఇవ్వడం వేరు, పరీక్షకు పేరు ఇవ్వడం వేరు. ఈ ఒక్క తేడా తెలియక, పన్నెండు వారాలూ శ్రద్ధగా చదివి, పరీక్ష నమోదు గడువు దాటిపోయిందని చివర్లో తెలుసుకుని కంటతడి పెట్టుకున్న విద్యార్థిని నేను ఓదార్చవలసి వచ్చింది. ఆ నమోదు కోర్సు నడుస్తుండగా, సాధారణంగా మొదటి సగంలోనే ముగిసిపోతుంది. తేదీని నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి, ఫోన్‌లో వారం ముందుకు అలారం పెట్టండి. ఫీజు రాయితీలు ఎవరికి వర్తిస్తాయో నమోదు పేజీలో చదవండి. పేరు మీ గుర్తింపు కార్డులో ఉన్నట్టే, ఇంటిపేరు పొడి అక్షరమైతే పొడి అక్షరంగా, పూర్తిగా ఉంటే పూర్తిగా నింపండి. మీ ఊరికి బస్సు సౌకర్యం ఉన్న పట్టణాన్నే పరీక్షా కేంద్రంగా ఎంచుకోండి. మొదటి రోజుల్లోనే నమోదు చేసుకుంటే దగ్గరి కేంద్రం దొరికే అవకాశం ఎక్కువ.

క్రెడిట్ల కోసం చేసేవారు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదివే వీలును 2021లో యూజీసీ కల్పించింది. ఏ కోర్సుకు ఎన్ని క్రెడిట్లు ఇస్తారో, ఏ సబ్జెక్టుకు బదులుగా తీసుకుంటారో నిర్ణయించేది మాత్రం మీ విశ్వవిద్యాలయం, మీ కళాశాల. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఎడెక్స్‌తో కుదుర్చుకున్న ఒప్పందం లాంటివి వచ్చినప్పుడు కూడా, ఆ కోర్సు మీ మార్కుల జాబితాలోకి ఎలా ఎక్కుతుందో తెలుసుకోకుండా మొదలుపెట్టకండి. నోటిమాటగా అవునన్నవారు ఫలితాల నాటికి బదిలీ అయిపోయిన సందర్భం నాకు తెలుసు. విభాగాధిపతి అనుమతిని చేరేముందే కాగితం మీద తీసుకుని, ఒక నకలు పరీక్షల విభాగంలో ఇచ్చి, ఇచ్చినట్టు తేదీతో సంతకం తీసుకోండి.

ఫలితాలు వచ్చాక సర్టిఫికెట్‌ను దించుకుని రెండు చోట్ల భద్రపరచండి. రెజ్యూమెలో కోర్సు పేరు, సంస్థ, సంవత్సరం, మార్కులు రాసి, దాని కిందే ఆ కోర్సుతో మీరు చేసిన పని ఒక వాక్యం రాయండి. ఇంటర్వ్యూ చేసేవారు అడిగేది ఆ వాక్యం గురించే. ల్యాబ్ టెక్నీషియన్ అమ్మాయి రాసిన వాక్యం, తమ ల్యాబ్‌లో ఒకే శాంపిల్‌ను రెండు యంత్రాల మీద కొలిచినప్పుడు వచ్చే తేడాను నెల రోజులు నమోదు చేసి లెక్కగట్టానని. ఆ నోట్‌బుక్ ఇప్పుడు ఆమె దగ్గర లేదు. తర్వాతి విడతలో అదే కోర్సులో చేరిన తమ ఆసుపత్రి ఫార్మసీ కుర్రాడికి ఇచ్చారట. మడిచిన పేజీల్లో ఖాళీగా ఉన్న కుడివైపు గళ్ళు అతను నింపుతున్నాడని మొన్న ఫోన్‌లో చెప్పారు.